క్లచ్ మనమే మార్చుకుంటే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: నా కారుకు 14 ఏళ్లు. క్లచ్ ప్లేట్ అరిగిపోయిందన్నారు. మెకానిక్ చెప్పిన మొత్తంలో సగానికి పైగా లేబరే. వీడియోలు చూశాను, రెండు రోజులు సెలవుంది. పనిముట్లు క్రెడిట్ కార్డు మీద కొని ఇంట్లో నేనే మార్చుకోవచ్చా? లేక ఈ కారు అమ్మేసి, లోన్ తీసుకుని ఇంకోటి కొనుక్కోవడం నయమా?

జవాబు: లోన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఇంజిన్ బాగుండి, బాడీకి తుప్పు పట్టకపోతే, క్లచ్ బిల్లు మహా అయితే కొన్ని నెలల ఈఎంఐ అంత. ఆ ఈఎంఐలేమో ఏళ్ల తరబడి కట్టాలి. కాబట్టి బాగు చేయించుకోవడమే మేలు.

ఇక లేబర్. ప్లేట్ పళ్లెమంత ఉంటుంది, కానీ అది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే గేర్ ఆయిల్ తీసి, యాక్సిల్ షాఫ్టులు లాగి, ఇంజిన్‌కు ఆసరా ఇచ్చి గేర్‌బాక్స్ దించాలి. మీరిచ్చే డబ్బు ఈ దించడానికీ ఎక్కించడానికే. దానికి గట్టి స్టాండ్లు, గేర్‌బాక్స్ జాకీ, బోల్టులను సరైన బిగువుకు బిగించే టార్క్ రెంచ్, ప్లేట్‌ను సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టే అలైన్‌మెంట్ టూల్ కావాలి. మళ్లీ ఎన్నేళ్లకు వాడతారో తెలియని సామాన్లు! వాటి ఖరీదు, కారు కదలని రోజుల్లో ఆటో ఖర్చు తీసేస్తే మీరనుకున్న మిగులు బాగా చిక్కిపోతుంది. పైగా ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువంతా ప్లేట్ మీద వేలాడితే కొత్త ప్లేటే వంగిపోవచ్చు.

నేనూ ఓసారి ఇలాంటి పొదుపే చేశాను. ప్లేటు మార్పించి, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ బాగానే ఉంది కదా అని పాతదే ఉంచేశాను. కొన్నాళ్లకు పెడల్ తొక్కినప్పుడల్లా గీమని అరుపు. చిన్న బేరింగ్ కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించారు, లేబర్ రెండోసారి కట్టాను. అందుకే ప్లేట్, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ సెట్‌గా మార్పించండి.

అనుభవమున్న మనిషి పక్కనుండి, పనిముట్లు అరువు దొరికితే తప్ప మొదటిసారే సొంతంగా దిగొద్దు. ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది. మీది కేబుల్ క్లచ్ (పెడల్ తొక్కితే తీగ లాగే రకం) అయితే పెడల్‌కు కొంచెం ఖాళీ ఆట, అంటే మొదట్లో బరువు తగలకుండా కాస్త కదలిక, ఉందో లేదో చేత్తో నొక్కి చూడండి. అది లేకపోతే అరగని ప్లేటు కూడా పట్టు తప్పి జారుతుంది, కేబుల్ సర్దితే సరిపోవచ్చు. తర్వాత ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే, ఇక మార్చాల్సిందే.

గడువులోగా పూర్తిగా కట్టలేకపోతే కార్డు జోలికి వెళ్లకండి, ఆ వడ్డీ ముందు లేబర్ ఎంత! పొదుపులోంచి తీసి, నెలనెలా కొంత వేస్తూ పూడ్చుకోండి. పని అప్పగించే ముందు ఫ్లైవీల్ (క్లచ్ ప్లేట్ ఆనుకుని తిరిగే ఇంజిన్ చక్రం) నునుపుగా చెక్కించాల్సి వస్తే ఎంతవుతుందో, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారుతుంటే దానికెంతో కూడా అడిగి లెక్కలో వేసుకోండి. అవి తెలిసేది గేర్‌బాక్స్ దించాకే, అప్పుడు బేరమాడే వీలుండదు.