ముద్ద ముద్దకూ ఫోన్ చూపించాల్సి వస్తోంది

పిల్లల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా బాబుకు 2 సంవత్సరాల 8 నెలలు. ఆటల్లో చురుగ్గా ఉంటాడు, మాటలు బాగా వచ్చాయి. అన్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిపూటా యుద్ధమే. ఫోన్‌లో బొమ్మలు పెడితే తప్ప నోరు తెరవడు. తెరిచినా ముద్దను బుగ్గన పెట్టుకుని నమలకుండా కూర్చుంటాడు. ఒక్కో పూట గంటకు పైగా పడుతోంది. అన్నం తినలేదు కదా అని రోజుకు నాలుగుసార్లు సీసాతో పాలు పడుతున్నాను, అందులో ఒకసారి నిద్రలోనే. రెండో పుట్టినరోజు నాటికి 10.9 కిలోలు ఉన్నాడు, ఇప్పుడు 12.2 కిలోలు. పక్కింటి పిల్లాడు బొద్దుగా ఉన్నాడని, వీడికి దిష్టి తీసి ఆకలి టానిక్ పట్టించమని మా అత్తయ్యగారు అంటున్నారు. ఫోన్ వద్దంటే ‘మేం చందమామను చూపించి పెట్టలేదా’ అని అడుగుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, తెనాలి

సమాధానం: మీరు రాసిన రెండు బరువులను బట్టి చూస్తే మీ బాబు ఎదుగుదలలో లోపమేమీ కనిపించడం లేదు. 3 కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు మూడు రెట్లవుతాడు, అంటే ఒక్క ఏడాదిలోనే 6 కిలోలు పెరుగుతాడు. రెండేళ్లు దాటాక ఏడాదికి సుమారు 2 కిలోలు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా నెమ్మదిస్తుంది కాబట్టే, ఏడాది వయసులో గిన్నెడు ఉగ్గు ఖాళీ చేసిన పిల్లలు రెండో ఏడు దాటాక నాలుగు ముద్దలకే తల తిప్పేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన పిల్లల ఎదుగుదల ప్రమాణాల్లో (వాటి కోసం కొలిచిన పిల్లల్లో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు) మగపిల్లల బరువుకు నడిమి గీత, అంటే సగంమంది పైన, సగంమంది దిగువన ఉండే గీత, రెండేళ్లకు 12.2, మూడేళ్లకు 14.3 కిలోలు. మీ బాబు ఆ గీతకు కొంత దిగువన, అయినా మామూలు పరిధిలోనే, రెండో ఏటి నుంచి ఒకే దారిలో పెరుగుతున్నాడు. చూడవలసింది ఆ దారినే కానీ పక్కింటి పిల్లాడి బుగ్గలను కాదు. నెలకోసారి అంగన్‌వాడీలో తూకం వేయించి, తల్లీబిడ్డల కార్డులోని పటంలో గుర్తు పెట్టించండి. అత్తయ్యగారికి మీ మాట కంటే ఆ గీతే బాగా నచ్చచెబుతుంది.

అసలు సమస్య పాలల్లో ఉందని నా అభిప్రాయం. సీసాకు 200 మిల్లీలీటర్లు అనుకున్నా రోజుకు 800 అవుతున్నాయి. ఈ వయసుకు 400 నుంచి 500 వరకు చాలు. పాలతో నిండిన చిన్న పొట్టకు అన్నం చూస్తే ఆకలి ఎక్కడినుంచి వస్తుంది? పైగా పాలల్లో ఇనుము చాలా తక్కువ. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు మానేసి పాలమీదే బతికే పిల్లలకు రక్తహీనత వస్తుంది, రక్తహీనత ఆకలిని ఇంకా చంపేస్తుంది. నిద్రలో పట్టే సీసా పళ్లను కూడా పుచ్చబెడుతుంది. కాబట్టి ముందు రాత్రి సీసాను మాన్పించి, మిగిలిన పాలను గ్లాసులోకి మార్చి, భోజనం తరువాతే ఇవ్వండి. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తాడు, మీకూ నిద్ర ఉండదు. ఆ వారం బాబు తండ్రిగారు కూడా రాత్రి లేవడం న్యాయం.

ఇక చందమామ సంగతి. అత్తయ్యగారి ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. అయితే చందమామను చూపించి గోరుముద్దలు పెట్టేటప్పుడు పెట్టేవారి చూపు బిడ్డ ముఖం మీదే ఉంటుంది, కబుర్లు సాగుతూనే ఉంటాయి, బిడ్డ ‘చాలు’ అని పెదవి బిగిస్తే వెంటనే తెలుస్తుంది. ఫోన్ ముందు కూర్చున్న పిల్లవాడికి తాను తింటున్న సంగతే తెలియదు. ఆకలి వేసిందో, కడుపు నిండిందో తెలుసుకునే అలవాటే పోతుంది. బుగ్గన నిలిచిపోయిన ముద్ద చెబుతున్నది అదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర చూసే సమయం రోజంతా కలిపి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ ఇంట్లో ఆ గంట ఒక్క పూట భోజనానికే అయిపోతోంది.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల ఇష్టం, ఎంత తినాలన్నది బిడ్డ ఇష్టం. మూడు భోజనాలు, నడుమ రెండు చిరుతిళ్లు, వాటి మధ్య రెండున్నర మూడు గంటల విరామంలో మంచినీళ్లు తప్ప బిస్కెట్టు ముక్క కూడా వద్దు. అందరితో పాటు చిన్న పళ్లెం పెట్టి, అందులో రెండు మూడు చెంచాల పప్పన్నం, కాస్త కూర వడ్డించండి. అడిగితే మళ్లీ వేయవచ్చు. అరగంట కాగానే, తిన్నా తినకపోయినా, తిట్టకుండా, బతిమాలకుండా పళ్లెం తీసేయండి. కొత్త కూరను పది పదిహేనుసార్లు చూస్తే గానీ కొందరు పిల్లలు నాలుక మీద పెట్టుకోరు. ఆ పూట పెద్దల ఫోన్లు, టీవీ కూడా పక్కన ఉండాలి. కథలు చెప్పే బాధ్యత అత్తయ్యగారికి అప్పగించండి, ఆ పనిలో ఆవిడకు సాటి ఎవరూ ఉండరు.

దిష్టి తీస్తే నష్టం లేదు, తీయనివ్వండి. టానిక్ మాత్రం వైద్యులు రాస్తే తప్ప వద్దు. ఆకలి మందుల్లో చాలావాటిలో ఉండే సైప్రోహెప్టాడిన్ మత్తునిస్తుంది. దానికి బదులు అంగన్‌వాడీలో గానీ ఆశా కార్యకర్త దగ్గర గానీ వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్, ఆరు నెలలకోసారి వేసే నులిపురుగుల మాత్ర అందుతున్నాయో లేదో కనుక్కోండి. బరువు రెండు మూడు నెలలు కదలకపోయినా, అరచేతులు పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా పిల్లల వైద్యులకు చూపించండి.

ప్రశ్న: మా మనవరాలికి ఏడాదిన్నర. ఎవరు పెట్టినా తినదు, తానే తింటానంటుంది. సగం అన్నం నెత్తికి పులుముకుంటుంది, సగం నేల మీద పోస్తుంది. నాకు చూడముచ్చటగానే ఉంది కానీ, అన్నాన్ని పారబోస్తే అన్నపూర్ణమ్మను అవమానించినట్లేనని మా ఆవిడ కోప్పడుతోంది. – ఒక తాతయ్య, కరీంనగర్

సమాధానం: పై ఉత్తరం రాసిన తల్లి మీ ఇంటికి వస్తే అసూయపడేవారు. మీ మనవరాలు చేస్తున్నది ఆ వయసుకు తగిన పనే. ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఆపితే, మూడేళ్లకు తినిపించమని మారాం చేస్తుంది. అమ్మమ్మగారి బాధను కూడా మన్నించాలి కనుక, పళ్లెంలో ఒక్కసారికి రెండు ముద్దలకు మించి వేయకండి, కింద పాత దుప్పటి పరచండి. మెతుకు అతుక్కునేలా మెత్తగా కలిపిన పెరుగన్నం, ముద్దపప్పు అన్నం అయితే తక్కువ చిందుతుంది. ఒక చెంచా ఆమె చేతికిచ్చి, మరో చెంచాతో మీరు మధ్యమధ్య అందించవచ్చు. అన్నాన్ని ఆటకు విసరడం మొదలుపెట్టిందంటే కడుపు నిండినట్లే, పళ్లెం తీసేసి మూతి కడగండి. తానే తినే పిల్లల పక్కన మాత్రం ఎప్పుడూ ఒక పెద్దవారు కూర్చోవాలి. వేరుశనగ పలుకులు, వేయించిన శనగలు, కోయని ద్రాక్షపండ్లు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి నాలుగైదేళ్లు వచ్చేవరకు ఆ చేతికి అందనివ్వకండి.