ఆ కొండలు నిజంగానే ఉన్నాయి

ప్రశ్న: చిత్రకారుడు సాల్వడార్ డాలీ వేసిన ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’ బొమ్మలో కరిగిపోయిన గడియారాలు తెలుసు కానీ వెనకాల ఆ ఖాళీ తీరం, కొండలు ఎక్కడివండి, కల్లో కనిపించినవా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదండీ, అది డాలీ ఇల్లున్న చోటే! స్పెయిన్‌లో కాటలోనియా తీరం, పోర్ట్ లిగాట్ అనే చిన్న రేవు, ఆ దగ్గర్లోనే కేప్ క్రేయస్ కొండలు. అక్కడ గాలి, ఉప్పునీళ్ళు కోసేసి రాళ్ళు చిత్రమైన ఆకారాల్లోకి వచ్చేశాయి, మామూలు కళ్ళతో చూసినా కలలాగే ఉంటుంది. ఇంకో సంగతి, 1931లో ముందు ఆ తీరం, కొమ్మలు నరికేసిన ఆలివ్ చెట్టూ వేసేసి, ఇందులో ఇంకేం పెట్టాలా అని తోచక ఉంటే, ఒక రాత్రి భోజనమయ్యాక మెత్తబడిన కామెంబెర్ చీజ్ గురించి ఆలోచిస్తుంటే గడియారాలు తట్టాయని తనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. అంటే చోటే ముందు, కల తర్వాత.

ఈసారి బొమ్మ దొరికితే పైన కుడివైపు చూడండి, కొండల మీద బంగారం రంగు ఎండ, ముందరంతా నీడ. ఎడమ మూల గడియారం మీద చీమలు, దాని పక్కదాని మీద ఒక ఈగ, అంత చిన్నవి కూడా ఎంత స్పష్టంగా వేశాడో! మసకగా వేసుంటే మనం నమ్మేవాళ్ళం కాదేమో. పైగా బొమ్మ సైజు దాదాపు 24 x 33 సెంటీమీటర్లే, ఇంచుమించు నోటుబుక్కంత, న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది.

ఇది నచ్చితే, డాలీలాగే కలల్లాంటి బొమ్మలు వేసిన చిత్రకారుడు ఈవ్ టాంగీ బొమ్మలు కూడా చూడండి, అక్కడైతే గుర్తుపట్టడానికి కొండ కూడా ఉండదు, నేలెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో చాలాసార్లు తెలీదు, నాకు మాత్రం అవే ఎక్కువ ఇష్టం.