వర్క్‌షాప్ సరే, డోలు తాతకి ఎంత ఇస్తున్నారు?

ప్రశ్న అడిగినవాళ్ళు వైజాగ్‌లో ఐదుగురు ఫ్రెండ్స్. ఇద్దరికి గిటారు, ఒకరికి కీబోర్డు, మిగతా ఇద్దరికి పెయింటింగ్ వచ్చట. ఒడిశా బోర్డర్‌లో ఆదివాసీ పిల్లలకి రెండు రోజులు ఫ్రీగా పాట, బొమ్మ వర్క్‌షాప్ పెడదామనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం తీసుకెళ్ళాలి అని అడుగుతున్నారు.

రండి, తప్పకుండా రండి. కానీ సామాన్ల లిస్టు రాసుకునే ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. మీరు ఫ్రీగా చేస్తున్నారు, బాగుంది. మీ ఉద్యోగాలు మీకున్నాయి. ఆ ఊళ్ళో డోలు వాయించే తాత, గోడ మీద బొమ్మ వేసే పెద్దాయన మాత్రం ఫ్రీగా ఎందుకు రావాలి? కూలి పని మానుకుని వస్తారు వాళ్ళు. వాళ్ళకి ఇవ్వాల్సింది బడ్జెట్‌లో మొదటి లైనులో రాయండి. మిగిలితే రంగులు కొనండి. మా దగ్గర లెక్క ఏంటంటే, ఒడిశా బోర్డర్‌లో మా గుణుపురంలో పెళ్ళి బ్యాండులో వాయించే మనిషికి రోజుకి ఎంత ఇస్తామో తాతకీ అంతే, పైన రానూపోనూ ఖర్చులు, భోజనం. శాలువా కప్పి పంపించేస్తే కుదరదు.

నేను గుణుపురంలో ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతలో రెండూ. కొండ మీద నుంచి దిగిన సవర ఆదివాసీలతో వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు. కొందరు టీచర్లం కలిసి రాయగడ జిల్లాలో పుట్టాసింగి వైపు, గజపతి జిల్లాలో సెరంగో వైపు హాస్టల్ పిల్లలతో సెలవు రోజుల్లో ఈ పని చేస్తుంటాం. బయటి నుంచి టీమ్‌లు వస్తే తోడు వెళ్తాను. అంటే వాళ్ళ మాటలు పిల్లలకి చెప్పేదీ, రాత్రికి వాళ్ళకి దోమతెరలు వెతికేదీ నేనే.

ముందు అర్థం చేసుకోవాల్సింది హాస్టల్ సంగతి. ఇక్కడ సవర, కొండ్ పిల్లలు చాలామంది చిన్నప్పుడే ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో చేరిపోతారు. చదువుకి అది మంచిదే, కాదనను. కానీ పాట నేర్చుకునేది బడిలో కాదు కదా. పంట ఇంటికొచ్చాక రాత్రిళ్ళు, పెళ్ళిళ్ళలో, చనిపోయినవాళ్ళకి చేసే కర్మల్లో పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకుంటారు. ఆ రాత్రుల్లో పిల్లలు హాస్టల్లో ఉంటారు. వేసవి సెలవులకి ఇంటికెళ్ళేసరికి ఊళ్ళో డీజే బాక్సులు, అందులో మన తెలుగు సినిమా పాటలు. అందుకే పిల్లలకి సంగీతం పరిచయం చేస్తాం అని ఎవరైనా అంటే నాకు కాస్త చిరాకు. తాతకీ మనవడికీ మధ్య తెగిపోయిన దారి ఒకటి ఉంది. మీ రెండు రోజులు దానికి పనికొస్తే చాలా ఎక్కువ. తాతని హాస్టల్ దాకా తీసుకురావడం, లేదా పిల్లల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళడం, బండి మాట్లాడటం, పర్మిషన్ తేవడం, వంట ఏర్పాటు. ఇవి చేసే మనుషులు లేకే ఆగిపోతోంది గాని, నేర్పేవాళ్ళు లేక కాదు.

ఇక బొమ్మల సంగతి. మీరు చార్ట్ పేపర్ ఇచ్చి "మీకు నచ్చింది వేయండి" అంటే ఏం వస్తుందో ఇప్పుడే చెప్పేస్తాను. రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి వంకర నది, ఒక గుడిసె, పక్కన కొబ్బరి చెట్టు. కిటికీలోంచి చూస్తే నిజం కొండ కనబడుతూ ఉంటుంది, అది త్రికోణంలా లేదు. కొబ్బరి చెట్టు ఆ చుట్టుపక్కల లేనేలేదు. డ్రాయింగ్ పుస్తకం నేర్పిన బొమ్మ అది, గుణుపురంలో మా స్కూలు పిల్లలూ అదే వేస్తారు.

అదే సవర ఇంటి గోడ మీది బొమ్మ చూడండి. దాన్ని ఇడితల్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, పుల్ల కొస నమిలి కుంచెలా చేసి వేస్తారు. ముందు చుట్టూ అంచు గీస్తారు, దాన్ని ఇల్లు అనుకోవచ్చు. అంచు నుంచి లోపలికి నింపుకుంటూ పోతారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు, నాట్యం చేసేవాళ్ళ వరసలు. మేం పిలిచిన పెద్దాయన హాస్టల్ వరండాలో కాగితం కాకుండా నేల మీదే ఎర్రమట్టి అలికించారు. పిల్లలు దాని చుట్టూ నాలుగు వైపులా కూర్చుని వేశారు. పైన, కింద అన్న తేడా లేకుండా ఎవరి వైపు నుంచి వాళ్ళు. ఏడో తరగతి పిల్ల ఒకతి హాస్టల్ నీళ్ళ ట్యాంకు వేసి, దాని మీద కోతుల్ని కూర్చోబెట్టింది. పెద్దాయన చూసి నవ్వి, పక్కన ఇంకో కోతిని తనే వేశారు. ఇది సంప్రదాయం కాదేమో అని మీరు కంగారుపడక్కర్లేదు. 1950ల నాటికే ఆదివాసీల గురించి పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ ఈ కొండల్లో తిరిగి చూసిన గోడబొమ్మల్లో సైకిళ్ళు, విమానాలు ఉన్నాయి.

కానీ ఇక్కడ జాగ్రత్త కావాలి. ఇడితల్ డెకరేషన్ కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పంట బాగా రావాలన్నా, పోయిన పెద్దల్ని తలుచుకోవాలన్నా పూజారి చెప్తే, ఆ దేవతలకి, పెద్దలకి కూర్చునే చోటుగా వేస్తారు. అందుకే ఏది నేర్పాలో, ఏది గోడ మీదే ఉండాలో ఆ పెద్దాయన్నే తేల్చమనండి. మేం పిలిచినాయన అంచు, మనుషులు, జంతువులు చూపించారు. కొన్ని "ఇక్కడ వద్దు" అన్నారు. ఎందుకని మేం అడగలేదు.

ఇంకోటి, ఇది బయటి టీమ్‌లకి అసలు తట్టదు. ఈ కొండల్లో సవర కుటుంబాలు చాలా బాప్టిస్టు క్రైస్తవులు. వాళ్ళ ఇళ్ళలో ఇడితల్ వేయరు. పిల్లవాడు హాస్టల్లో వేశాడని తెలిస్తే ఇంట్లో ఇబ్బంది కావచ్చు. ముందే హెడ్‌మాస్టర్ని, ఊరి గమాంగ్‌ని (ఊరి పెద్దని), చర్చి పెద్దల్ని కూడా అడగండి. ఆ ఊళ్ళలో పాట మాత్రం బోలెడు ఉంటుంది. సవర భాషలో కీర్తనలు గుక్క తిప్పుకోకుండా పాడతారు. గిటారు చూసి నోరెళ్ళబెడతారని మీరు అనుకుంటున్నారేమో, మీ కంటే బాగా వాయించే కుర్రాడు ఆ ఊళ్ళోనే ఉండొచ్చు. అతన్నీ పిలవండి, అతనికీ డబ్బివ్వండి.

ఈ రెండు దారులూ కాక అక్షరాన్నే దేవుడిగా కొలిచే సవరలు ఉన్నారు. 1936లో మంగేయి గమాంగ్ అనే ఆయన సవర భాషకి 24 అక్షరాల లిపి తయారుచేశారు, పేరు సొరాంగ్ సొంపెంగ్. ఆ అక్షరాలకి పూజలు చేస్తారు. అదే భాషని ఆంధ్రా వైపు తెలుగు లిపిలో, ఇటు బడుల్లో ఒడియా లిపిలో, మిషనరీల పుస్తకాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మనవాళ్ళకి తెలిసిన సంగతి, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం బడులు నడిపి, సవరలో వాచకాలు రాశారు. ఆయన ముందు నేర్చుకున్నారు, తర్వాత నేర్పారు. సరే, అసలు విషయానికొస్తే, తమ పేరు తమ లిపిలో అందంగా రాసే పని పెడితే పిల్లలు గంటలు గంటలు కూర్చుంటారు. మతం గొడవ కూడా తక్కువ. అయినా అడిగే చేయండి.

పాట వైపు వస్తే, కీబోర్డు తేకండి. తెస్తే ఏమవుతుందో కూడా చెప్తాను, డెమో బటన్ ఒకటి ఉంటుంది కదా, పిల్లలకి రెండు నిమిషాల్లో దొరికిపోతుంది, ఇక రెండు రోజులూ అదే పాట. పైగా కరెంటు ఎప్పుడుంటుందో చెప్పలేం. వాళ్ళ పాటలో గొంతు జారే చోట్లు కీబోర్డు మెట్ల మధ్యలో పడతాయి. మీరు కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాలు) పట్టుకుంటూ ఉంటే పిల్లలు పాపం తమ పాటనే మీ మెట్లకి సర్దుకుంటారు, మర్యాద కోసం. గిటారు తేవచ్చు. వదిలేసి వెళ్ళాలనుకుంటే మాత్రం రెండు సెట్ల తీగలు కూడా ఇచ్చి, తీగ మార్చడం ఒకరికి నేర్పి వెళ్ళండి. లేకపోతే మొదటి తీగ తెగిన రోజు నుంచి అది మేకుకి వేలాడుతుంది.

తాత డోలు వాయించే రోజు కాస్త ముందే వెళ్ళండి. చలికాలం పొద్దున్నే తోలు మెత్తబడిపోయి ఉంటుంది. ఆయన గడ్డి మంట వేసి, డోలుని దానికి చూపించి, వేలితో ఒక దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటారు. మళ్ళీ మంటకి చూపిస్తారు, అవతలి మొహం తిప్పుతారు. ఇదంతా అయ్యేసరికి అరగంట పైనే. వైజాగ్ టీమ్‌ల టైమ్ టేబుల్‌లో దీనికి చోటు ఉండదు, పది గంటలకి సెషన్ అని రాసుకుని వస్తారు. నిజానికి ఆ అరగంటే సెషన్. ఏ పిల్లవాడు గడ్డి అందిస్తున్నాడో, ఏ పిల్లవాడు తాత కంటే ముందే "ఇంకా రాలేదు" అంటున్నాడో చూస్తే రేపు ఎవరికి డోలు ఇవ్వాలో తెలిసిపోతుంది.

మీరు కొరాపుట్ వైపు వెళ్తే మాట వేరు. అక్కడ థింసా ఆడేది ఆదివాసీలు, చాలా ఊళ్ళలో మొహురి (సన్నాయి లాంటిది), డోలు, టమక అనే డప్పు వాయించేది మాత్రం డొంబులు. వాళ్ళు ఎస్సీలు. ఆదివాసీ కార్యక్రమం అని పేరు పెట్టి వాయిద్యగాళ్ళని లెక్కలోంచి తీసేస్తే ఆట లేదు. వాళ్ళకి డబ్బు, భోజనం, కూర్చునే చోటు ఆడేవాళ్ళతో సమానంగా ఉండాలి. ఈ విషయంలో మొహమాటపడకండి, ముందే గట్టిగా చెప్పేయండి.

రంగులు, కుంచెలు ఎంత తక్కువ తెస్తే అంత మంచిది. పోస్టర్ కలర్ ఎండిపోతుంది, కుంచె కడగకపోతే కట్టెపుల్ల అవుతుంది, మళ్ళీ కొనాలంటే గుణుపురం దిగి రావాలి. ఎర్రమట్టి, బియ్యప్పిండి, బొగ్గు అక్కడే ఉన్నాయి. కావాలంటే మంచి మందం కాగితం తెండి, అది ఇక్కడ దొరకదు. ఫోన్‌లో పాటలు రికార్డు చేయడం తొమ్మిది, పది తరగతుల పిల్లలకి నేర్పండి. అమ్మమ్మల చేత పాడించి మెమరీ కార్డులో పెట్టి కార్డు ఊళ్ళోనే ఉంచాలి. మీకు కాపీ కావాలంటే అడిగి తీసుకోండి.

ఆ మాట ఎందుకంటే, ఒక టీమ్ ఇలాగే వచ్చి పిల్లల బొమ్మలు పట్టుకెళ్ళి క్యాలెండర్లు వేసి అమ్మింది. పేరు వద్దు. పిల్లలకి ఒక్క క్యాలెండరూ రాలేదు. 2024లో లాంజియా సవర (ఇక్కడి సవరల్లో ఒక తెగ) చిత్రకళకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ప్రాంతానిదే అనే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, డొంగ్రియా కొండ్‌ల ఎంబ్రాయిడరీ శాలువా కప్‌డాగండాకి కూడా. ట్యాగ్ ఉన్నంత మాత్రాన కొండ మీదికి డబ్బు చేరదు, కానీ ఇది ఎవరి సొత్తో అడిగే హక్కు కాగితం మీద ఉంది. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టకండి. బొమ్మ పెడితే ఏ ఊరి పిల్లలు వేశారో రాయండి. ఇంకో మాట, సవర బొమ్మ అని చెప్పి వార్లీ నేర్పకండి. వార్లీ మహారాష్ట్రలో పాల్‌ఘర్ వైపుది. రెండింటిలోనూ తెల్ల మనుషులే కదా అని యూట్యూబ్ చూసి వచ్చేవాళ్ళు చాలామంది.

పర్మిషన్ సంగతి త్వరగా చెప్తాను. ఆశ్రమ పాఠశాలలు ఒడిశా ఎస్టీ, ఎస్సీ డెవలప్‌మెంట్ శాఖ కింద ఉంటాయి. జిల్లా వెల్ఫేర్ ఆఫీసర్‌కి లెటర్, కాపీ హెడ్‌మాస్టర్‌కి, ఒడియాలో రాస్తే పని త్వరగా అవుతుంది. అందరి ఆధార్ కాపీలు జతచేయండి. అమ్మాయిల హాస్టల్ అయితే మీ టీమ్‌లో ఆడవాళ్ళు ఉండాలి, మేట్రన్ పక్కన ఉండాలి, రాత్రి బస బయటే. వానాకాలం వద్దు. ఇది మలేరియా ఏరియా, పైగా రోడ్లు తెగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పెద్ద పిల్లలు ఇప్పపూలు, చింతపండు ఏరడానికి వెళ్ళిపోతారు, తర్వాత వేసవి సెలవులు. జనవరి చివర రిపబ్లిక్ డే హడావుడి. డిసెంబర్ బాగుంటుంది, అందులోనూ క్రిస్మస్ వారం వదిలేసి.

వైజాగ్ నుంచి గుణుపురానికి నౌపడా మీదుగా ప్యాసింజర్ ఉంది. అది పర్లాకిమిడి రాజావారి కాలంలో వేసిన చిన్న రైలు లైను, 2004లో ఆపేసి 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరిచారు. మొదటిసారి ఐదుగురూ రాకండి, ఇద్దరు చాలు. గిటార్లు ఇంట్లో పెట్టి సంత రోజుకి రండి. కొండ మీద నుంచి దిగేవాళ్ళతో ఒక పూట గడపండి, ఎవరి ఊళ్ళో ఎవరు వాయిస్తారో, ఎవరు బొమ్మలేస్తారో వాళ్ళే చెప్తారు. ఆ పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వగలరో పక్కన వేసుకుని చూడండి. మొత్తం మీ చేతిలో ఉన్నదానికి మించితే రెండు రోజుల్ని ఒక రోజు చేయండి. తాతల సంఖ్య మాత్రం తగ్గించకండి.