బ్యాండు సంఘం బాధ్యత తీసుకున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కాలేజీ బ్యాండు విద్యార్థుల సోదర సంఘమైన కప్పా కప్పా సైకి మీ యూనివర్సిటీ బ్యాండులో ఉన్న శాఖకు నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. శాఖను ఎలా నడపాలో, నవంబరు 27న స్థాపక దినోత్సవంలో సంఘ స్థాపకుడు విలియం స్క్రాగ్స్ గురించి ఏం మాట్లాడాలో చెప్పమని అడిగావు. ఆయన చేసిన పని ఏమిటో సరిగా తెలిస్తే నువ్వు చేయవలసింది సగం తేలిపోతుంది కనుక, రెండింటికీ కలిపే జవాబు వ్రాస్తున్నాను.

స్టిల్‌వాటర్ పట్టణంలోని ఓక్లహోమా వ్యవసాయ, యాంత్రిక కళాశాలలో, అంటే నేటి ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదికి, 1919లో, స్క్రాగ్స్ బ్యాండు విద్యార్థిగా ఉండేవారు. బ్యాండు వాళ్ళకు ఒక సోదర సంఘం ఉండాలన్న ఆలోచన రాగానే ఆయన దానిని బ్యాండు డైరెక్టరు బొహుమిల్ మకోవ్‌స్కీ ముందు పెట్టారు. నేటి చెక్ దేశంలో ఉన్న బొహీమియాలో పుట్టి అమెరికాకు వలస వచ్చిన మకోవ్‌స్కీ 1915 నుంచి 1943 వరకు ఆ బ్యాండును నడిపిన పెద్దమనిషి. ఆయన అండతో, స్క్రాగ్స్‌తో కలిపి పదిమంది విద్యార్థులు తొలి సభ్యులయ్యారు. సంఘం పుట్టుకలోనే డైరెక్టరు చేయి ఉందన్న ఈ విషయాన్ని నువ్వు గట్టిగా పట్టుకోవాలి.

అందువల్ల నీ మొదటి సమావేశం సభ్యులతో కాదు, మీ డైరెక్టరుగారితో జరగాలి. "మేమేం చేయాలో చెప్పండి" అని ఒట్టి చేతులతో వెళ్ళవద్దు. ఒక వారం రిహార్సళ్ళను శ్రద్ధగా గమనించి, ఏ వరుసలో స్వరపత్రాలు తక్కువ పడుతున్నాయో, ఏ వాద్యాల పెట్టెలకు తాళాలు పాడైపోయాయో, ఏ యూనిఫారాలకు కుట్టు ఊడిందో వ్రాసుకుని ఆ కాగితం ఆయన ముందు పెట్టు. వాటిలో ఏది ముందు, ఏది తరువాత అన్నది ఆయన నిర్ణయించాలి. ఆయన వద్దన్న పనిని, అది నీకు ఎంత మంచిదనిపించినా, చేపట్టవద్దు.

ఆగస్టు ఎండలో కవాతు సాధన చేసే పిల్లలకు మంచినీళ్ళు అందడం, మైదానానికి డ్రమ్ములు, సూసాఫోన్లు అనే పెద్ద ఇత్తడి వాద్యాలు సమయానికి చేరడం, చలికాలపు ఫుట్‌బాల్ ఆటకు చెక్క క్లారినెట్ తెచ్చిన కొత్త విద్యార్థికి అది చలికి పగుళ్ళు పట్టే ప్రమాదం ఉందని చెప్పి బ్యాండు గదిలోని ప్లాస్టిక్ క్లారినెట్ ఇప్పించడం, ఇవన్నీ మీ శాఖ పనులే. వీటికి చప్పట్లు ఉండవు. ఏ పని ఎవరిదో పేరుతో సహా వ్రాసి గోడకు అంటించు. లేకపోతే మంచి మనసున్న ఇద్దరు ముగ్గురి మీదే భారమంతా పడి, వాళ్ళు రెండో ఏడాదికి అలసిపోతారు.

సభ్యులను ఎంచేటప్పుడు బాగా వాయించేవాళ్ళనే చూడవద్దు. రిహార్సల్ అయిపోయాక కుర్చీలు సర్దడానికి నిలబడేవాళ్ళను, పక్కవాడికి లయ తప్పితే విసుక్కోకుండా చెప్పేవాళ్ళను కూడా చూడు. కొత్తవాళ్ళను ఏడిపించడం, అవమానించడం, మన దగ్గర ర్యాగింగ్ అని పిలిచే ఆ నీచమైన పని, ఏ సంప్రదాయం పేరుతో జరిగినా మొదటి రోజే ఆపించు. నీ మాట వినకపోతే అదే రోజు డైరెక్టరుగారికి చెప్పు.

ప్రసంగంలో ఒక విషయం తప్పక ఉండాలి. స్క్రాగ్స్ మొదలుపెట్టిన సంఘంలో చాలా దశాబ్దాలు ఆడపిల్లలకు చోటు లేదు. టెక్సస్ టెక్ అనే కళాశాల బ్యాండులో ఉన్న వావా బేన్స్ అనే విద్యార్థిని బ్యాండు అమ్మాయిల కోసం పట్టుబట్టి పనిచేయడం వల్ల 1946లో టౌ బీటా సిగ్మా అనే సోదరీ సంఘం రూపుదిద్దుకుంది. 1977లో రెండు సంఘాలూ స్త్రీ పురుషులిద్దరికీ తలుపులు తెరిచాయి. ఈ రోజు నువ్వు ఆ కుర్చీలో కూర్చోవడానికి స్క్రాగ్స్ ఎంత కారణమో బేన్స్ కూడా అంతే కారణమని నా నమ్మకం. స్థాపకుడిని పొగడడానికి ఈ చరిత్రను దాచనక్కరలేదు. ఆయన వేసిన పునాది మీద తరువాతివాళ్ళు గదులు కట్టగలిగారంటే అది ఆయనకే గౌరవం. 1947లో మొదలైన జాతీయ అంతర్ కళాశాలల బ్యాండు గురించి కూడా రెండు మాటలు చెప్పు. వేర్వేరు కాలేజీల విద్యార్థులు ఒకే వేదిక మీద కూర్చుని వాయించడం ఆ పదిమంది వదిలి వెళ్ళిన వారసత్వంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

స్క్రాగ్స్ నోట నువ్వు ఊహించిన మాటలు పెట్టవద్దు. సంఘం జాతీయ కార్యాలయం ఇప్పటికీ స్టిల్‌వాటర్‌లోనే, ఒకప్పటి రైల్వే స్టేషను భవనంలో ఉంది. పాత కాగితాల గురించి వాళ్ళకు మర్యాదగా ఉత్తరం వ్రాసి, వచ్చిన దానిని మాత్రమే వాడు. ప్రసంగం పది నిమిషాలు మించకుండా చూసుకుని, చిత్తుప్రతి నవంబరు మొదటి వారంలో నాకు పంపు. తేదీలు, పేర్లు సరిచూసి వెంటనే తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ తాతయ్య