ట్రావెల్ ట్రైలర్ ఊగకుండా ఉండాలంటే బయలుదేరే ముందే చూసుకోవలసినవి

డాలస్‌లో ఉంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "మా దగ్గర టొయోటా హైలాండర్ ఉంది. జూలైలో అమ్మానాన్నలు వస్తున్నారు. పిల్లలు ఇద్దరు. 22 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాగే, మంచాలు, వంటగది ఉన్న చక్రాల ఇల్లు) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. వెనక ట్రైలర్ ఊగుతుందని అందరూ భయపెడుతున్నారు. ఆ ఊపును అడ్డుకునే స్వే బార్ పెట్టిస్తే సరిపోతుందా?"

సరిపోదు, తమ్ముడూ. బార్ వద్దని కాదు. అది అన్నిటికంటే చివర రావలసిన వస్తువు. ట్రైలర్ ఊగుతుందా లేదా అన్నది చాలావరకు ఇంటి ముందు సామాను సర్దేటప్పుడే తేలిపోతుంది. కారులో మీ పిల్లలతో పాటు మీ అమ్మానాన్నలూ కూర్చుంటారు కనుక కాస్త వివరంగానే చెబుతాను, ఓపికగా చదవండి.

ట్రైలర్ మొత్తం కారు వెనక ఉన్న చిన్న ఇనుప బాల్ మీద కుడికీ ఎడమకూ తిరుగుతుంది. పక్క నుంచి గాలి కొట్టినా, పెద్ద లారీ దాటిపోయినా దాని తోక ఒక పక్కకు జరుగుతుంది. బరువు సరిగ్గా ఉంటే ఒకటి రెండు ఊపుల్లో తనంతట తానే సర్దుకుంటుంది. బరువు వెనక్కి పడితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది, చివరకు కారు వెనక భాగాన్ని కూడా తనతో లాక్కుపోతుంది. ఇందులో వేగం పాత్ర చాలా ఎక్కువ. ప్రతి కారు, ట్రైలర్ జతకు ఒక హద్దు ఉంటుంది. ఆ వేగం దాటాక ఊపు తగ్గడం మానేసి పెరగడం మొదలవుతుంది. గంటకు 55 మైళ్ల దగ్గర బుద్ధిగా వచ్చిన ట్రైలరే 70 దగ్గర అదుపు తప్పవచ్చు. బరువును ఇరుసుకు ముందు ఉంచితే ఆ హద్దు పైకి జరుగుతుంది, వెనక ఉంచితే కిందికి దిగుతుంది.

మన ఊళ్లలో ఎడ్లబండికి బరువెత్తేవాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. బరువు ఇరుసు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు బిగుసుకుంటాయి. మరీ ముందుకు పడితే మెడలు కుంగిపోతాయి. అందుకే కాడి మీద కొద్దిపాటి భారం నిలిచేలా సర్దుతారు. ట్రైలర్ ముందు భాగం బాల్ మీద మోపే ఆ భారాన్నే ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. సామానుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. 12, 13 దగ్గర ఉంటే నిశ్చింత. 10 కంటే తగ్గితే మాత్రం ఆ బండి రోడ్డెక్కకూడదు.

మన కుటుంబాలు ఎక్కువగా తీసుకునేవి బంక్‌హౌస్ ట్రైలర్లు. పిల్లల కోసం బంకు మంచాలుంటాయి, అవి చాలా మోడళ్లలో వెనక మూలనే ఉంటాయి. ఖాళీగా కనిపిస్తాయి కనుక పెట్టెలు, బియ్యం బస్తా, కుక్కర్లు, నీళ్ల సీసాల కేసులు అన్నీ వాటి మీదికి చేరతాయి. వెనక భాగంలో వంటగది ఉన్న మోడల్ అయితే చెప్పనే అక్కర్లేదు. దానికి తోడు వెనక బంపరుకు సైకిళ్లు కడతారు.

లెక్క వేసి చూడండి. ట్రైలర్ 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు. టంగ్ వెయిట్ 600 పౌండ్లు, అంటే 12 శాతం. బాల్ నుంచి ఇరుసుకు 15 అడుగుల దూరం అనుకుందాం. ఇప్పుడు 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు నింపారు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు కనుక మొత్తం 334 పౌండ్లు. ఆ ట్యాంకు ఇరుసుకు 5 అడుగులు వెనక ఉంటే బాల్ మీది భారం 111 పౌండ్లు తగ్గుతుంది. తర్వాత రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, వాటి స్టాండు కలిపి 180 పౌండ్లు, ఇరుసుకు 12 అడుగుల వెనక తగిలించారు. ఇంకో 144 పౌండ్లు పోయాయి. మిగిలింది 345. ట్రైలర్ బరువేమో 5,514కు పెరిగింది. 12 శాతం కాస్తా 6 శాతం చిల్లరకు పడిపోయింది. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. ఈ ఒక్క లెక్క మీరు ఇంట్లో అందరికీ చూపించాలని నా కోరిక, ఎందుకంటే సామాను సర్దేది మీరొక్కరే కాదు.

అందుకని బరువైనవన్నీ ఇరుసు దగ్గర, నేల మీద, ఇరుసుకు కొంచెం ముందుకు పెట్టండి. బట్టలు, దిండ్లు, చిప్స్ ప్యాకెట్ల వంటి తేలికవి బంకుల మీదికి వెళ్లనివ్వండి. ట్యాంకుల్లో ఏది ఇరుసుకు ఎటుందో యజమానిని అడగండి. వెనక ఉన్నదైతే నీళ్లు క్యాంపుకు చేరాకే నింపుకోండి. టంగ్ వెయిట్ పెంచాలని వెనక బరువు అలాగే ఉంచి ముందు మూలలో ఇసుక మూటలు వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రెండు కొసల్లోనూ బరువున్న ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెడితే ఆపడం ఇంకా కష్టం, శాతం సరిగ్గా ఉన్నా సరే.

ఇవన్నీ కంటితో అంచనా వేసే విషయాలు కావు, తూకం వేయాలి. లవ్స్, పైలట్, టీఏ వంటి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్లు తూచే కాటా ఉంటుంది. లారీలకే అనుకోకండి, మనమూ ఎక్కించవచ్చు. ఖర్చు ఒక పూట భోజనం పాటి కూడా ఉండదు. మనుషులంతా కారులో ఉండగా, హిచ్‌కు (కారును ట్రైలరుతో కలిపే సామగ్రికి) స్ప్రింగ్ బార్లుంటే విప్పి, ట్రైలరుతో సహా ఒకసారి తూచండి. తర్వాత ట్రైలరును పార్కింగులో వదిలి అదే మనుషులతో కారు ఒక్కటీ తూచండి. మొదటి చీటీలో కారు ఇరుసుల బరువులు రెండూ కలిపి, అందులోంచి రెండో చీటీలోని కారు బరువు తీసేస్తే వచ్చేదే టంగ్ వెయిట్. మొదటి చీటీ మొత్తంలోంచి కారు బరువు తీసేస్తే ట్రైలర్ బరువు. బ్రోషర్‌లో రాసే డ్రై వెయిట్‌ను నమ్ముకోకండి. అందులో మన సామాను ఉండదు, నీళ్లు ఉండవు. కుటుంబం సర్దుకున్నాక వెయ్యి పౌండ్లు తేలిగ్గా పెరుగుతాయి.

ఇక మీ కారు సంగతి. పెట్రోలు హైలాండర్ చాలా మోడళ్లలో 5,000 పౌండ్లు లాగుతుంది, హైబ్రిడ్ అయితే 3,500. ఆ అంకె చూసి అందరూ ధైర్యపడతారు కానీ అడ్డుపడేది వేరే అంకె. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద, మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్ కూడా అందులోకే వస్తుంది. ఉదాహరణకు అక్కడ 1,450 అని ఉందనుకోండి. మీరు ఆరుగురు, పిల్లలతో కలిపి 800 వేసుకుందాం. టంగ్ వెయిట్ 650. హిచ్ సామాను 90. అప్పుడే 1,540 అయింది. డిక్కీలో ఇంకా ఒక్క పెట్టె కూడా పెట్టలేదు. అలా మించితే కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగుకు పట్టు తగ్గుతుంది. ఊగే ట్రైలరును పట్టి ఉంచవలసింది ఆ పట్టే. నాన్నగారిని ట్రైలర్‌లో మంచం మీద పడుకోబెట్టి తీసుకెళ్దామన్న ఆలోచన కూడా వద్దు. చాలా రాష్ట్రాల్లో అది నేరం, నేరం కాని చోట కూడా అందులో సీటు బెల్టు లేదు.

ఇప్పుడు మీరడిగిన బార్ గురించి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తన స్ప్రింగ్ బార్లతో బాల్ మీది భారంలో కొంత కారు ముందు ఇరుసు మీదికి, కొంత ట్రైలర్ ఇరుసు మీదికి నెడుతుంది. ఈక్వలైజర్ వంటి హిచ్‌లు దానితో పాటు నాలుగు చోట్ల రాపిడితో ఊపును కూడా అడ్డుకుంటాయి. హెన్స్‌లీ, ప్రోప్రైడ్ హిచ్‌లు తిరిగే బిందువునే కారు వెనక ఇరుసు వైపు జరిపినట్టు పనిచేస్తాయి. పనితనం గొప్పది, ధరా గొప్పదే. విడిగా దొరికే ఒంటి రాపిడి బార్ చిన్న ట్రైలర్లకు ఉద్దేశించినది. ఏది కొన్నా కారు మాన్యువల్ ముందు చూడండి, కొన్ని కార్ల తయారీదారులు ఇలాంటి హిచ్ వాడవద్దనే రాస్తారు. తగిలించాక ట్రైలర్ నేలకు సమాంతరంగానో, ముక్కు రవ్వంత కిందికో ఉండాలి. ముక్కు పైకి లేచి ఉంటే బాల్ ఎత్తు మార్చండి. బరువు తప్పుగా సర్దిన ట్రైలరుకు మంచి హిచ్ పెడితే ఊపు కనిపించకుండా దాగి ఉంటుంది, గట్టి గాలి వచ్చిన రోజున బయటపడుతుంది.

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు, బయలుదేరే ముందు చూసుకోండి. ట్రైలర్ టైర్ల మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉంటుంది, వాటికి చాలావరకు టైరు పక్కన రాసిన గరిష్ఠ పీడనమే పెడతారు. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే సంఖ్య చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటిన టైర్లతో ట్రైలర్ ఇస్తుంటే తీసుకోకండి.

వేగం విషయంలో నేను మొండివాడిని. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఏ బండికైనా 55 మైళ్లే చట్టం. టెక్సాస్‌లో 75 బోర్డులుంటాయి. అవి మీ కోసం కాదు. 60 దగ్గర, కుడి లేన్‌లో వెళ్లండి. కొన్ని ట్రైలర్ టైర్లు 65 మైళ్లకే తయారుచేసినవి. డాలస్ నుంచి 287 హైవే మీదుగా అమరిల్లో, అక్కడి నుంచి రాటన్ కనుమ దాటి డెన్వర్, షయాన్ వస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఐ-80 హైవే మీద లారమీ, రాలిన్స్ మధ్య, ఎల్క్ మౌంటెన్ ప్రాంతంలో పక్క గాలులు లారీలనే పడగొడతాయి. తేలికైన, ఎత్తయిన బండ్లకు దారి మూసినట్టు వయోమింగ్ రవాణా శాఖ ప్రకటిస్తే అది మీ ట్రైలరుకు కూడా వర్తిస్తుంది. ఆ రోజు లారమీలోనే ఆగిపోండి. వేసవిలో మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది కనుక ఆ భాగాన్ని తెల్లవారగానే దాటడం మేలు. రాలిన్స్ తర్వాత లాండర్, డుబోయ్ మీదుగా వెళ్తే 9,658 అడుగుల టోగ్వోటీ కనుమ వస్తుంది. దిగేటప్పుడు వాలు మొదలవకముందే వేగం తగ్గించి కింది గేరులోకి మారండి. వాలులో ట్రైలర్ కారును వెనక నుంచి తోస్తుంది, ఊపు మొదలయ్యేది అలాంటప్పుడే.

అన్నీ చూసుకున్నా ఊగిందనుకోండి. యాక్సిలరేటర్ మీంచి కాలు నెమ్మదిగా తీయండి. స్టీరింగ్ తిన్నగా, గట్టిగా పట్టుకోండి. ట్రైలర్ ఎటు ఊగితే దానికి ఎదురు తిప్పాలని చేతులు లాగుతాయి, తిప్పకండి. మీ చేతి కదలిక ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యంగా చేరి దాన్ని పెంచుతుంది. కారు బ్రేకు తొక్కకండి, కారు ఆగబోతే ట్రైలర్ వెనక నుంచి నెట్టి అడ్డం తిరుగుతుంది. వేగం పెంచి తప్పించుకుందామని అసలు చూడకండి. చేయవలసింది ఒక్కటే, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను కారులోంచి నడిపే పరికరం) మీది మీటను చేత్తో జరిపి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయడం. అప్పుడు ట్రైలర్ వెనక్కి లాగుతుంది, జత తిన్నగా సాగుతుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండా చేయి చేరాలి. ఖాళీ పార్కింగ్ స్థలంలో 20, 25 మైళ్ల వేగంలో మీరూ మీ ఆవిడా ఇద్దరూ చేసి చూడండి, చక్రాలు జారకుండా గట్టిగా పట్టేలా దాని బలం సరిచేసుకోండి. ఊపు ఆగాక కూడా ప్రయాణం కొనసాగించకండి. దిగి, బరువు ముందుకు జరిపాకే కదలండి. కంట్రోలర్ లేని కారుకు ఎవరైనా "పరవాలేదు, లాగేస్తుంది" అంటూ ట్రైలర్ తగిలించబోతే తాళాలు తిరిగి ఇచ్చేయండి.

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆరుగురితో, హైలాండర్‌తో, 22 అడుగుల ట్రైలర్ లాగవద్దు. ట్రైలర్ అద్దెకిచ్చేవాళ్లలో చాలామంది తామే తెచ్చి క్యాంపులో నిలబెట్టి, తర్వాత వచ్చి తీసుకెళ్తారు. వెస్ట్ ఎల్లోస్టోన్ చుట్టుపక్కల అలాంటివాళ్లను వెతకండి. మీరు కారులో హాయిగా వెళ్లండి, అమ్మగారికి ఎలాగూ ట్రైలర్‌లోనే వంట చేసుకునే వీలుంటుంది. పార్కు లోపల ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో (ట్రైలర్లు నిలిపే క్యాంపులో) ఎలుగుబంట్ల వల్ల గుడ్డ గోడలున్న ట్రైలర్లను రానివ్వరు. అందుకని బుక్ చేసేటప్పుడు గట్టి గోడలదేనా, పొడవెంత, ఆ క్యాంపుకు తెచ్చి పెట్టడానికి అనుమతి ఉందా అని ముందే అడిగి రాయించుకోండి.