మాంసం కూర పక్కన కాబేజీ సలాడ్: నీళ్ళు ఊరకుండా ఎలా?

మటన్ కూరతో కాబేజీ సలాడ్ పెడదామంటే గంట తిరిగేసరికి గిన్నె అడుగున నీళ్ళు చేరుతున్నాయి, పచ్చి వాసన వస్తోంది, ఏం చేయాలి అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే అయ్యేదండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా వైపు మాంసం వండితే పక్కన ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్క, అంతే. ఒక కనుమ నాడు కొత్తగా ఉంటుందని పొద్దున్నే కాబేజీ తరిగి, ఉప్పూ నిమ్మరసం అన్నీ ఒకేసారి కలిపి పెట్టేశాను, తీరా భోజనాల వేళకి మూత తీస్తే ముక్కలన్నీ మెత్తబడి నీళ్ళలో తేలుతున్నాయి. చుట్టాల ముందు చాలా బాధేసింది. మా అత్తగారు చూసి, పొట్లకాయ వేపుడికి ఉప్పు రాసి పిండవూ, దీనికీ అంతే కదమ్మా అన్నారు. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. ఉప్పు తగిలితే కాబేజీ ఎలాగూ నీరు వదులుతుంది, ఆ నీరేదో మనమే ముందు తీసేయాలి.

అర కిలో కాబేజీకి పైన రెండు ఆకులు తీసేసి, నాలుగు చెక్కలు చేసి, మధ్యలో గట్టి కాడ కోసి పారేయండి. పచ్చిగా తినేది కాబట్టి పసుపు కలిపిన ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి బాగా కడగాలి, మాంసం కోసిన కత్తిపీట, పలక మాత్రం దీనికి అస్సలు వాడొద్దు. దారాల్లా సన్నగా తరగండి. కోరాముతో కోరితే నలిగిపోయి ఆ ఘాటు వాసన ఇంకా ఎక్కువవుతుంది, నేనైతే కోరను. ఒక టీస్పూను ఉప్పు వేసి, గట్టిగా పిసక్కుండా వేళ్ళతో కలిపి 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత గుప్పెడు గుప్పెడు తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టి పిండితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు ధారగా కారతాయి, నాకు పావు గ్లాసు దాకా వస్తాయి. ముక్క వంగుతుంది, కానీ కొరికితే కరకరలాడుతుంది. నోట్లో వేసుకుని చూడండి, ఉప్పు ఎక్కువనిపిస్తే ఒకసారి చల్లటి నీళ్ళలో జాడించి మళ్ళీ పిండేయండి.

ఇక అందులో రెండు చెంచాల పచ్చికొబ్బరి కోరు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి ఒకటి, కొత్తిమీర, కాస్త మిరియాల పొడి, చిటికెడు పంచదార. నిమ్మరసం మాత్రం విస్తళ్ళు వేశాకే పిండాలి. కొందరు పోపు పెడతారు గానీ కూరలో నూనె తేలుతున్నప్పుడు పక్కన మళ్ళీ నూనె ఎందుకనిపిస్తుంది నాకు. పులుసు కూరైతే ఇలా నిమ్మకాయతో బాగుంటుంది. పొడిగా చేసిన వేపుడైతే నిమ్మరసం మానేసి, నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు రెండు గరిటెలు కలపండి, కారం తిన్న నోటికి ఎంత హాయిగా ఉంటుందో.

పది మందికి చేస్తుంటే టెన్షన్ పడకుండా పొద్దున్నే తరిగి, ఉప్పు వేసి పిండేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచేసుకోండి, మిగతావన్నీ వడ్డించే ముందు ఐదు నిమిషాల పని. ఏమీ కలపని కాబేజీ మిగిలితే మర్నాడు పెసరట్టు మీద ఉల్లిపాయ ముక్కలతో పాటు చల్లండి, మా పిల్లలు అడిగి మరీ వేయించుకుంటారు.