సర్వే రాళ్లు పాతితే తోట ప్రభుత్వానిదైపోతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రోడ్డు వెడల్పు చేస్తామంటూ సర్వేయరు వచ్చి మా కొబ్బరితోటలో 14 సెంట్ల మేర రాళ్లు పాతి వెళ్లారు. నోటీసేమీ లేదు. సమ్మతి పత్రం మీద సంతకం పెడితే డబ్బు తొందరగా వస్తుందని వీఆర్వో అంటున్నారు. భూమి ఇంకా మా తాతగారి పేరు మీదే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ సంతకం ఆపండి. రేటు రాయని సమ్మతి పత్రం ఖాళీ చెక్కులాంటిది. ఒప్పుకుని సంతకం పెట్టాక, పరిహారం చాలదని పోరాడే దారి దాదాపు మూసుకుపోతుంది.

రాళ్లు పాతినంత మాత్రాన భూమి చేతులు మారదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి. అది పత్రికల్లో, పంచాయతీ ఆఫీసులో కూడా పెట్టాలి. అప్పటి నుంచి 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వచ్చు. కాపీ మీద ముద్ర వేయించుకోకుండా ఇంటికి రాకండి.

మాగాణి భూముల్ని తీసుకోకూడదట కదా అని చాలామంది అడుగుతారు. ఏటా ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమికి రక్షణ ఉన్నమాట నిజమే గానీ రోడ్లు, రైల్వే లైన్లు, కాలువలకు అది వర్తించదు. అందుకే నిజం చెప్పేస్తున్నాను: రోడ్డునే ఆపేయడం కష్టం. మీ పోరాటమంతా హద్దు మీద, ధర మీద.

ధర దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల సగటు, ఇలాంటి వాటిలో ఏది ఎక్కువైతే అదే లెక్క. ఆ సగటు కూడా ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులతోనే తీస్తారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని మనమే తక్కువకు రాయించుకున్న దస్తావేజులు ఇప్పుడు మన మీదికే వస్తాయి! సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీలు (భూముల లావాదేవీల వివరాలుండే ధ్రువపత్రాలు) తీయించి, మంచి రేటుకు రాసినవి వెతకండి. వచ్చిన మొత్తం మీద నూటికి నూరు సొలేషియం (భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కలుపుతారు కాబట్టి సెంటుకు వెయ్యి పెరిగినా మీ చేతికి కనీసం రెండు వేలు.

చెట్లకు విలువ వేరు. కాపు మీదున్న కొబ్బరి, మొక్క వయసు కొబ్బరి ఒకటి కాదు. అంతరపంటగా కోకో, అరటి ఉంటే అవీ, బోరు, పశువుల పాక కూడా రాయించాలి.

తాతగారి పేరు ఉందని భయం వద్దు, వారసులకూ హక్కుంది. కాకపోతే వాటాల తగాదా ఉంటే డబ్బు భూసేకరణ వివాదాలు తేల్చే అథారిటీ దగ్గర డిపాజిట్ అయి కూర్చుంటుంది. బాబాయిలతో పాటు మేనత్తలనూ ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి.

అవార్డు, అంటే కలెక్టరు ఖరారు చేసిన పరిహారం, చాలకపోతే డబ్బు వద్దని భీష్మించక్కర్లేదు. రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి తీసుకోండి. ఆ ముక్క లేకపోతే సెక్షన్ 64 కింద ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించేటప్పుడు మీరు ఎదుట ఉంటే అడగడానికి గడువు ఆరు వారాలే.

పరిహారం చెల్లించకుండానే పొక్లెయిన్ దించితే హైకోర్టులో రిట్ వేయండి. ఈ చట్టం కింది వివాదాల్లో సివిల్ కోర్టు ఇంజంక్షన్‌కు (పనులు ఆపే ఉత్తర్వుకు) సెక్షన్ 63 అడ్డు. 1967-68లో రోడ్డు కోసం భూమి పోగొట్టుకున్న హిమాచల్ వృద్ధురాలి కేసులో, ఆమె నోటిమాటతో ఒప్పుకుందన్న ప్రభుత్వ వాదనను సుప్రీంకోర్టు 2020లో తోసిపుచ్చి పరిహారం ఇప్పించింది.

ఈ ఆదివారమే తోటలోకి వెళ్లి, రాళ్లకు లోపల పడ్డ ప్రతి చెట్టుకూ సున్నంతో నంబరు వేసి ఫోటోలు తీసి పెట్టుకోండి.